పాలపళ్ళ సంరక్షణ

"పాలపళ్ళు ఎలాగూ ఊడిపోయేవే కదా" అని ఇంట్లో పెద్దలు అనడం మీరు వినే ఉంటారు. కాని పాలదవడ పళ్ళు 10-12 ఏళ్ళ వరకు ఉండి, రాబోయే శాశ్వత దంతాలకు చోటు కాపాడతాయి. అవి ముందే పుచ్చి పోతే కొత్త పళ్ళు వంకరగా రావచ్చు.

సుమారు 6వ నెలలో మొదటి పన్ను వస్తుంది. బిడ్డ పాలసీసా నోట్లో ఉంచుకొని నిద్రపోతే, పాలలోని చక్కెరను సూక్ష్మజీవులు ఆమ్లంగా మారుస్తాయి. నిద్రలో లాలాజలం తగ్గుతుంది కనుక ఆ ఆమ్లం పంటిమీదే నిలిచిపోతుంది. పై ముందుపళ్ళ మీద, చిగుళ్ళ అంచున తెల్లమచ్చలు తొలి హెచ్చరిక.

మీ ఇంట చంటిబిడ్డ ఉంటే, సీసా తీసేసి పడుకోబెట్టమని చెప్పండి. మొదటి పన్ను రాగానే బియ్యపుగింజంత ఫ్లోరైడ్ పేస్టుతో రోజుకు 2 సార్లు తోమాలి. ఏడాది నిండేలోగా దంతవైద్యునికి చూపించాలి.

ఊడిపోయే పన్నుకూ నొప్పి ఉంటుంది. అది చెప్పుకోలేని వయసు బిడ్డది.