ఎఱుక నడచు త్రోవ



1927లో కెర్మాక్, మెకెండ్రిక్ అను శాస్త్రజ్ఞులు అంటువ్యాధుల గమనమును సమీకరణములలో బంధించినప్పుడు, వారి లెక్కలోని మనుష్యుడు రోగము పొరుగింటికి వచ్చినను తన నడక మార్చుకొననివాడు. గణితమున కది సౌకర్యమే గాని, లోకమున అట్టివాడు అరుదు. మశూచి సోకిన యింటి గుమ్మమున మనవారు కట్టిన వేపమండ అమ్మవారి పూజయే గాక, వచ్చువారికి హెచ్చరికయు నయ్యెను. 2009లో ఫంక్ మొదలగు పరిశోధకులు లెక్కలోని ఈ లోపమును సవరింపబూని, రోగము సాగు సంబంధజాలమును, ఎఱుక సాగు సంబంధజాలమును వేర్వేరుగా భావించి, చేతులు మారిన కొలది వార్త పస తగ్గుననియు, ఆ రెండు జాలములును ఎంతగా కలిసియుండునో అంతగా ఎఱుక రోగమును నిలువరింపగలదనియు నిరూపించిరి.

అయితే వార్త సాగినంత మాత్రమున చాలదు. 1994 సెప్టెంబరులో సూరతు నగరమున ప్లేగు వార్త పుట్టగనే లక్షలాది జనులు ఊరు విడిచిరి. టెట్రాసైక్లిన్ అంగళ్లలో నిండుకొనెను. రోగులను చూడవలసిన వైద్యులలోనే కొందరు పయనమైరి. అచ్చట వార్తకు కొఱత లేదు, ఏమి చేయవలయునో చెప్పు నోరు కఱవయ్యెను. పోయినవారి వెంట రోగము దేశమంతట వ్యాపింపకపోవుట మన భాగ్యము. దానిని మన తెలివిగా చెప్పుకొనుట తగదు.

ఇక నారికురుపు కథ వేరు. కంటికి అందని నీటిపురుగులలో దాగిన పిల్ల త్రాగునీటితో కడుపు చేరి, ఏడాది గడచిన పిమ్మట మూరెడు బారెడు పామువలె కాలినుండి వెలువడును. ఆ మంట చల్లార్చుకొనుటకై రోగి దిగుడుబావిలో కాలు పెట్టెనా, ఆ నీరు త్రాగు ఊరంతకును వచ్చు సంవత్సరపు బాధను తానే పంచినవాడగును. దీనికి టీకా లేదు, మందు లేదు. చేతిపంపులు వేయుటయు, నీట మందు చల్లుటయు తోడ్పడిన మాట నిజమే; కాని నీటిని గుడ్డతో వడకట్టుమనియు, కురుపు కాలితో బావిలో దిగవలదనియు ఇంటింట చెప్పిన మాట లేనిచో ఆంధ్రప్రదేశము, రాజస్థానము మొదలగు రాష్ట్రముల పల్లెలకు విముక్తి దొరకి యుండదని నా విశ్వాసము. రోగము ఏ మెట్లమీద చేతులు మారెనో, బిందెలతో వచ్చిన స్త్రీల నడుమ ఆ మాటయు ఆ మెట్లమీదనే చేతులు మారెను. కనుకనే దాని పస తగ్గలేదు. దేశమున కడపటి రోగి 1996 జూలైలో జోధ్‌పూర్ జిల్లాలో కనబడెను. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మనకు విముక్తిపత్ర మొసంగెను.

నేడు పట్టములందుకొనుచున్న మిత్రులారా, మీలో పెక్కురు మీ యిండ్లలో తొలి పట్టభద్రులు. రేపు ఏదో జ్వరపు వార్త పుట్టిననాడు ఊరినుండి మేనత్తయో పెదనాన్నయో ఫోను చేసి, “ఆ టీకా వేయించుకోవచ్చునా నాయనా?” అని మిమ్మే అడుగుదురు, ప్రభుత్వ ప్రకటనను చదువరు. మీరన్న మాట ఆ సాయంకాలమునకే వీధి దాటును. తెలిసినచో నిదానముగా చెప్పుడు. తెలియనిచో తెలియదనియే చెప్పి, తెలిసినవారి నడిగి, మరునాడు మఱల ఫోను చేయుడు.