పుట్టుకతో వచ్చిందా, నీళ్ళతో వచ్చిందా?

(సీతారామపురంలో జరిగిన మన సంఘ సమావేశంలో ఒక విశ్రాంత ఏఎన్ఎం చేసిన ప్రసంగ పాఠం)



నేను పెద్ద చదువులు చదివినదాన్ని కాను. ఏఎన్ఎంగా ఈ చుట్టుపక్కల పల్లెల్లో తిరిగి టీకాలు వేశాను, కాన్పులు చూశాను. సంఘం వాళ్ళు వచ్చి, "అక్కా, బిడ్డలు అవకరంతో ఎందుకు పుడతారు, ఎదిగే పిల్లలకు కాళ్ళు ఎందుకు వంకర పోతాయి, మనవాళ్ళకు అర్థమయ్యేటట్టు చెప్పు" అన్నారు. డాక్టర్లను అడిగి, పుస్తకాలు చదివి నేను తెలుసుకున్నది మీ ముందు పెడతాను.

ముందుగా మన నోట్లో నలిగే ఒక మాట చూద్దాం. పై పెదవి చీలి పుట్టిన బిడ్డను మనం ఏమంటాం? గ్రహణం మొర్రి అంటాం. ఆ పేరులోనే తీర్పు ఉంది. గ్రహణం రోజు తల్లి బయటికి వచ్చింది, కత్తి పట్టుకుంది, కూరగాయ కోసింది, అందుకే బిడ్డకు ఇట్లా అయింది అని. సైన్సు చెప్పేది వేరు. కడుపులో బిడ్డ పెదవి తయారయ్యేది గర్భం వచ్చిన 4 నుంచి 7 వారాల మధ్య. అంగుడి కలిసేది 6 నుంచి 9 వారాల మధ్య. అప్పటికి చాలామంది తల్లులకు నెల తప్పిన సంగతే సరిగ్గా తెలియదు. అయిదో నెలలోనో ఏడో నెలలోనో పట్టిన గ్రహణం ఎప్పుడో కలిసిపోయిన పెదవిని మళ్ళీ ఎట్లా చీలుస్తుంది? అసలు ఏ నెలలో పట్టిన గ్రహణమైనా బిడ్డను ఏమీ చేయదు. ఈ లెక్క తెలిసుంటే ఎంతమంది తల్లులు నింద పడకుండా ఉండేవాళ్ళో.

ఒక ఇంటి సంగతి చెబుతాను. ఊరి పేరు, మనిషి పేరు వద్దు. ఒక కాలనీలో ఏడేళ్ళ పిల్లవాడు. నిలబడితే మోకాళ్ళు రెండూ ఒకదానికొకటి తగులుకుంటాయి, పాదాలు దూరంగా పోతాయి. "ఏమ్మా, అబ్బోడికి ఎప్పటి నుంచి ఇట్టుంది?" అని అడిగాను. నానమ్మ అందుకుంది. "పుట్టుకతోనే వచ్చిందిలేమ్మా. గ్రహణం రోజు చెప్పినా వినకుండా బయట తిరిగింది ఈ తల్లి" అంది. ఆ పిల్ల గోడకు ఆనుకొని తల వంచుకొని నిలబడింది. ఆ నింద భరించలేక రెండుసార్లు పుట్టింటికి వెళ్ళిపోయిందని తర్వాత తెలిసింది.

నేను ఆ పిల్లనే అడిగాను. "బిడ్డ ఎప్పుడు నడిచాడమ్మా?"

"ఏడాది నిండేటప్పటికే నడిచాడక్కా. బాగా పరిగెత్తేవోడు. మూడేళ్ళు దాటినాక ఇట్టయింది."

పరిగెత్తిన బిడ్డ కాళ్ళు పుట్టుకతో వంకర ఎట్లా అవుతాయి? పిల్లవాణ్ణి నోరు తెరవమన్నాను. కొత్తగా వచ్చిన ముందు పళ్ళ మీద అడ్డంగా పసుపు, గోధుమ రంగు చారలు. తండ్రి పళ్ళూ అంతే. తల్లి పళ్ళు మాత్రం తెల్లగా ఉన్నాయి. "నువ్వు పుట్టి పెరిగింది యాడమ్మా?" అంటే, పెన్న ఒడ్డున, ఆత్మకూరు దిక్కున అంది. పెళ్ళయినాకే ఈ ఊరి బోరు నీళ్ళు తాగింది. ఇంటిల్లిపాదీ ఎవరి మీద నేరం మోపారో, నేరం నీళ్ళదని ఆమె పళ్ళే చెబుతున్నాయి.

ఎందుకంటే, పంటి పైన ఉండే గట్టి పొర చిన్నతనంలోనే తయారవుతుంది. సుమారు ఎనిమిదేళ్ళ లోపు ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్ళు తాగితేనే ఆ చారలు పడతాయి. పెద్దయినాక వచ్చి తాగినవాళ్ళకు పడవు. అమెరికాలో మెకే అనే పళ్ళ డాక్టరు ఇదే గమనించాడు. కొలరాడోలోని ఒక ఊళ్ళో పుట్టి పెరిగిన వాళ్ళకే గోధుమ రంగు పళ్ళు ఉన్నాయి, పెద్దయి వచ్చి స్థిరపడిన వాళ్ళకు లేవు. ఏళ్ళ తరబడి ఆయన కారణం వెతికాడు. చివరికి 1931లో చర్చిల్ అనే రసాయన శాస్త్రవేత్త అటువంటి ఊళ్ళ నీళ్ళను పరీక్షించి, అందులో ఫ్లోరైడ్ ఎక్కువుందని తేల్చాడు.

ఆ తర్వాత ఆరేళ్ళకే మన జిల్లా పేరు ప్రపంచ వైద్య పత్రికలకు ఎక్కింది. ఇది మన పిల్లలకు తప్పకుండా తెలియాలి. ఇక్కడి నుంచి పామూరు మీదుగా పోతే కనిగిరి వస్తుంది. ఇంకా పైకి పోతే పొదిలి, దర్శి. ఇవాళ అవి మన జిల్లా ఊళ్ళు కావు అనుకుంటాం. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా అవి నెల్లూరు జిల్లాలోవే. ఆ ప్రాంతంలో నడుము వంగక, మెడ తిరగక, కాళ్ళు చాపలేక మంచాన పడ్డ మనుషులు ఉన్నారని మద్రాసుకు తెలిసింది. గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన షార్ట్, మరి ముగ్గురు డాక్టర్లు, మెక్‌రాబర్ట్, బార్నార్డ్, మన్నాడి నాయర్, కలిసి పరిశోధించారు. ఎక్స్‌రే తీస్తే ఎముకలు మామూలు కంటే దట్టంగా, తెల్లగా కనిపించాయి. వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ ఉంది. 1937లో ఈ సంగతిని వాళ్ళు ప్రకటించారు. మన దేశంలో నీళ్ళ ఫ్లోరైడ్ వల్ల మనుషుల ఎముకలు దెబ్బతింటాయని చూపిన తొలి పరిశోధన అది. అది మన నెల్లూరు జిల్లా జనం ఒంటి మీద తెలుసుకున్న సత్యం.

మరి మన నీళ్ళలోకి ఫ్లోరైడ్ ఎక్కడి నుంచి వస్తుంది? రాళ్ళ నుంచి. వెలిగొండల పక్కన ఉన్నాం మనం. వానలు తక్కువ. గ్రానైటు, అభ్రకం జాతి రాళ్ళలో ఫ్లోరైడ్ ఉంటుంది. నీళ్ళు ఆ రాతి సందుల్లో ఏళ్ళ తరబడి నిలిచి దాన్ని కరిగించుకుంటాయి. పై బావులు ఎండి బోరు లోతుకు పోయేకొద్దీ పాత నీళ్ళే పైకి వస్తాయి. లీటరు నీళ్ళలో 1 మిల్లీగ్రాము లోపు ఉంటే మేలు, 1.5 దాటితే తాగడానికి పనికిరావని మన దేశ ప్రమాణం. రంగు, రుచి, వాసన చూసి ఫ్లోరైడ్‌ను కనిపెట్టలేం. పరీక్ష ఒక్కటే దారి.

పెద్దవాళ్ళకు నడుము బిగిస్తే, పిల్లలకు మోకాళ్ళు ఎందుకు తగులుకుంటాయి? ఈ ప్రశ్నకు జవాబు వెతికింది హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ. 1973లో ఆ సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి మన రాష్ట్రంలో ఫ్లోరైడ్ ఉన్న పల్లెల్లో మోకాళ్ళు వంకర పోయిన పిల్లల గురించి లాన్సెట్ పత్రికలో రాశారు. జొన్నకూడు ప్రధానంగా తినే బీదవాళ్ళలో ఇది కనిపించింది. అక్కడి జొన్నల్లో మాలిబ్డినం అనే లోహం పాలు పెరగడం, ఒంట్లో రాగి తగ్గడం కూడా కారణం కావచ్చని వాళ్ళు ఆలోచించారు. పాలు, కాల్షియం అందని పిల్లల ఎముకలను ఫ్లోరైడ్ ఇంకా గట్టిగా దెబ్బతీస్తుంది. అంటే ఒకే బోరు నీళ్ళు తాగినా, పాలు తాగే ఇంటి పిల్లవాడి కంటే గంజి తాగే ఇంటి పిల్లవాడికి కాళ్ళు ముందు వంగుతాయి. నేను అక్కడ ఆగి ఆలోచించాను. ఇందులో రాయి పాలు కొంత, పేదరికం పాలు కొంత. తల్లి పాలు ఏమీ లేదు.

ఇక నిజంగా పుట్టుకతో వచ్చే అవకరాలు. వందమంది బిడ్డలు పుడితే ఇద్దరు ముగ్గురికి ఏదో ఒక లోపం ఉండటం లోకమంతటా ఉంది, రాజుల ఇళ్ళల్లోనూ ఉంది. వీటిలో సుమారు సగానికి కారణం ఇదీ అని ఈనాటికీ తేల్చలేకపోతున్నారు. తేలిన వాటిని ఎట్లా తేల్చారో చూడండి. 1941లో ఆస్ట్రేలియాలో నార్మన్ గ్రెగ్ అనే కంటి డాక్టరు దగ్గరికి శుక్లాలతో పుట్టిన పసిబిడ్డలు ఎక్కువగా వస్తున్నారు. తల్లుల మాటలు విన్నాడు. గర్భం తొలి నెలల్లో రుబెల్లా, అంటే ఒళ్ళంతా సన్నగా పేలే జ్వరం, వచ్చిందని వాళ్ళు చెప్పుకున్నారు. అట్లా కారణం దొరికింది. ఇవాళ మనం బిడ్డలకు తొమ్మిది నెలలు నిండాక వేసే ఎంఆర్ టీకా అందుకే. 1950ల చివర్లో జర్మనీలో గర్భిణుల వేవిళ్ళకు థాలిడోమైడ్ అనే మాత్ర ఇచ్చారు. చేతులు, కాళ్ళు సరిగా ఎదగని బిడ్డలు వేలమంది పుట్టారు. 1961లో దాన్ని నిలిపేశారు. డాక్టరును అడగకుండా కడుపుతో ఉన్నప్పుడు ఏ మాత్రా మింగొద్దని మేము పోరు పెట్టేది అందుకే. సారా కూడా అంతే. కడుపుతో ఉన్న తల్లి తాగితే అది బిడ్డ మెదడుకు చేరుతుంది.

వెన్ను సరిగా మూసుకోక వీపు మీద తిత్తితో పుట్టే బిడ్డలను మీలో కొందరు చూసే ఉంటారు. వెన్ను మూసుకునేది గర్భం వచ్చిన 28 రోజుల లోపే. ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ ముందు నుంచీ తీసుకుంటే ఈ లోపం బాగా తగ్గుతుందని 1991లో ఏడు దేశాల్లో జరిగిన పరిశోధన తేల్చింది. అంతకు ముందు అటువంటి బిడ్డను కన్న తల్లుల్లో మళ్ళీ ఆ లోపం రావడం పదింట ఏడు పాళ్ళు తగ్గింది. కాబట్టి బిడ్డ కావాలనుకున్న రోజు నుంచే మాత్ర మొదలు పెట్టాలి. నెల తప్పినాక, కార్డు రాయించినాక మొదలు పెడితే ఆ 28 రోజులు దాటిపోతాయి.

మేనరికం మాట కూడా దాచను. మన ఇళ్ళల్లోనే కాదు, ఈ రాష్ట్రంలో చాలా కులాల్లో ఉంది. మేనమామ, మేనబావ సంబంధాల్లో ఇద్దరిలోనూ దాగి ఉన్న ఒకే లోపం బిడ్డలో కలిసే అవకాశం పెరుగుతుంది. మామూలుగా వందకు ఇద్దరు ముగ్గురైతే, మేనబావను చేసుకుంటే ఇంకో ఇద్దరు ముగ్గురు కలుస్తారు. మేనమామ అయితే ఇంకా ఎక్కువ. మేనరికం చేసుకున్నవాళ్ళలో చాలామందికి బిడ్డలు చక్కగానే పుడతారు. అయినా ఇంట్లో ఇప్పటికే ఒక బిడ్డకు లోపం ఉంటే, మళ్ళీ ఆ చుట్టరికంలోనే పెళ్ళి అనుకునే ముందు డాక్టరును అడగండి.

అన్నదమ్ములారా, "పుట్టుకతో వచ్చింది" అనే మాట మనకు కొత్త కాదు. 1871లో తెల్లదొరలు తెచ్చిన చట్టం కొన్ని జాతులను పుట్టుకతోనే నేరస్థులంది. ఎరుకలను, యానాదుల్లో కొందరిని ఆ జాబితాలో చేర్చారు. వెన్నెలకంటి రాఘవయ్య గారి వంటి పెద్దలు దాని మీద పోరాడారు. 1952లో అది పోయింది. పుట్టుకతో నేరం రాదని మనం లోకానికి చెప్పి ఒప్పించాం. మరి మన ఇంట్లో మన కోడలి దగ్గరికి వచ్చేసరికి, చూడకుండా, అడగకుండా ఆ మాటే ఎందుకు అంటున్నాం?

మనం చేయాల్సిన పనులు చెప్పి ముగిస్తాను. ప్రతి కాలనీ బోరు నీళ్ళను గ్రామీణ నీటి సరఫరా శాఖ చేత పరీక్ష చేయించాలి. ఆ అంకె గోడ మీద రాయించమని సంఘం తరఫున అడగాలి. నీళ్ళు కాచితే ఫ్లోరైడ్ పోదు, ఆవిరై నీళ్ళు తగ్గి ఇంకా చిక్కబడుతుంది. శుద్ధి చేసిన నీళ్ళు చాలినన్ని లేకపోతే ముందు చిన్నపిల్లలకు, గర్భిణులకు, వంటకు వాడండి. స్నానానికి బోరు నీళ్ళు చాలు. వాన నీళ్ళు పట్టుకొని దాచుకుంటే వాటిలో ఫ్లోరైడ్ బాధ లేదు. పిల్లలకు పాలు, రాగులు, ఆకుకూరలు పెట్టండి. చింతపండు తిన్న పిల్లల మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయిందని మన పోషకాహార సంస్థ వాళ్ళే 2002లో చూపించారు. మన పులుసు మానుకోవద్దు.

2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలకు, బడులకు డాక్టర్లు వచ్చి పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ళ దాకా పిల్లలను ఉచితంగా చూస్తారు. పెదవి మొర్రిని ఆపరేషన్‌తో సరిచేస్తారు. వంకర పాదాలతో పుట్టిన బిడ్డకు తొలి వారాల్లోనే వరసగా పట్టీలు వేస్తే, చాలామంది చక్కగా నడుస్తారు. ఆ రోజు బిడ్డను పనికి తీసుకుపోకుండా బడికి పంపండి.

ఆ ఇంటి సంగతి చెప్పి సెలవు తీసుకుంటాను. పెద్దాసుపత్రిలో చూసి ఫ్లోరైడే అన్నారు. పెద్దవాడి కాళ్ళు పూర్తిగా తిన్నగా రాలేదు, అబద్ధం చెప్పను. ఆ తల్లి మాత్రం నీళ్ళ పరీక్షలో మేలు తేలిన ఒక పాత బావి నుంచి రోజూ రెండు బిందెలు మోసింది. రెండో బిడ్డను ఆ నీళ్ళతోనే పెంచింది. మొన్న వాళ్ళ ఇంటికి పోతే ఆ పిల్ల నవ్వింది. కొత్తగా వచ్చిన ముందు పళ్ళు తెల్లగా ఉన్నాయి. నానమ్మ నా చెయ్యి పట్టుకొని, "నా కోడల్ని అనవసరంగా ఆడిపోసుకున్నానమ్మా" అంది.

ఈసారి మీ ఇంట్లో ఏ బిడ్డకైనా లోపం కనబడితే, ఎవరి తప్పు అని అడగకండి. ఎప్పుడు మొదలైందని అడగండి. ఆ ప్రశ్నతో ఆసుపత్రికి రండి.