నాబోతు తోటకు ధర కట్టేదెవరు?

(దక్షిణ ఒడిశాలోని తెలుగు సంఘాల యువజన కూటంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ మధ్య మేము రాయగడ జిల్లాలో కొండ కింద ఉన్న ఒక పల్లెకు వెళ్లాం. అక్కడి పెద్దాయన ఒకరు ఇంట్లోంచి కాగితాల కట్ట తెచ్చి మా చేతిలో పెట్టారు. సంతలో నేర్చుకున్న తెలుగులో, "అయ్యగారూ, మా అడవి గాలిని కొంటామంటున్నారు. గాలిని ఎట్లా కొంటారు? కొన్నాక మేమేం పీల్చుకోవాలి?" అని అడిగారు. మాలో కొందరు నవ్వారు. ఆయన నవ్వలేదు. కాగితాలు ఇంగ్లీషులో ఉన్నాయి. గడువు ముప్పై ఏళ్లు. సంతకానికి మాత్రం చోటు వదిలి ఉంది. ఆ రోజు మేము ఆయనకు సరైన జవాబు చెప్పలేకపోయాం. తిరిగి వచ్చాక కూర్చుని చదివి తెలుసుకున్నది ఈ రోజు మీ ముందు పెడుతున్నాం.

ముందు లెక్క చూద్దాం. చెట్టు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను తీసుకుని, అందులోని కార్బన్‌ను కాండంలో, వేళ్లలో దాచుకుంటుంది. ఎండిన కట్టె బరువులో దాదాపు సగం కార్బనే. ఒక టన్ను కార్బన్ కాలితే 3.67 టన్నుల కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. గాలిలోకి పోకుండా ఆపిన, లేదా గాలిలోంచి తీసిన ఒక్కొక్క టన్ను కార్బన్ డయాక్సైడ్‌కు ఒక కార్బన్ క్రెడిట్ ఇస్తారు. దాన్ని కొన్న కంపెనీ తన పొగలో ఒక టన్నును లెక్కలోంచి కొట్టేసుకుంటుంది. అంటే ఇక్కడ అడవి నిలిచినందుకు అక్కడ పొగగొట్టానికి అనుమతి దొరుకుతుంది.

ఇది న్యాయమైన బేరమేనా? ఒక్క ప్రశ్న వేస్తే తెలుస్తుంది. ఈ డబ్బు రాకపోతే ఆ అడవి నిజంగా పోయేదేనా? పోయేది కాకపోతే పొగ మిగిలింది తప్ప భూమికి ఒరిగిందేమీ లేదు. 2023లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం ఆరు దేశాల్లోని 26 అటవీ కార్బన్ పథకాలను పరిశీలించింది. వాటిలో ఎక్కువ పథకాలు అడవి నరకడాన్ని చెప్పుకోదగినంతగా తగ్గించలేదని, తగ్గించినవి కూడా చెప్పుకున్నంత తగ్గించలేదని తేల్చింది.

ఈ లెక్కలో ఇంకొక అన్యాయం ఉంది. మన ఒడిశా పల్లెల్లో 'ఠెంగపల్లి' అనే పద్ధతి మీలో చాలామందికి తెలుసు. ఠెంగ అంటే కర్ర, పల్లి అంటే వంతు. ఈ రోజు కాపలా కాసిన ఇంటివారు సాయంత్రం ఆ కర్రను పక్కింటి గడపకు ఆనించి వస్తారు. రేపటి వంతు ఆ ఇంటిది. జీతం లేదు, యూనిఫాం లేదు. ఇలా కాపాడిన అడవికి ప్రమాదం లేదు కాబట్టి కొత్తగా ఆదా అయిన కార్బన్ కూడా లేదంటుంది మార్కెట్. నరుకుతామని బెదిరించినవాడికి ధర ఉంది, కాపాడినవాడికి లేదు.

అంతర్జాతీయ విధానం మొదటి నుంచీ ఇలాగే నడిచింది. 1997 క్యోటో ఒప్పందం కింద వచ్చిన క్లీన్ డెవలప్‌మెంట్ మెకానిజంలో కొత్తగా మొక్కలు నాటితే క్రెడిట్ ఇచ్చారు, నిలబడి ఉన్న అడవిని కాపాడితే ఇవ్వలేదు. అందుకే ఖమ్మం జిల్లాలో కాగితపు గుజ్జు కోసం పెంచిన నీలగిరి తోటలు ఆ పథకంలో నమోదయ్యాయి. కొండమీద ఇప్ప, మద్ది, చింత చెట్లను తరతరాలుగా కాపాడినవారికి అందులో చోటు లేకపోయింది. 2005లో పాపువా న్యూ గినియా, కోస్టారికా ఈ విషయం లేవనెత్తాక, నిలబడి ఉన్న అడవి గురించి ప్రపంచం మాట్లాడటం మొదలుపెట్టింది. రెడ్ ప్లస్ అనే విధానం అలా వచ్చింది.

ఇక మన దేశం సంగతి. 2005తో పోలిస్తే, 2030 నాటికి అడవులు, చెట్ల ద్వారా అదనంగా 250 నుంచి 300 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి ఉంచుతామని భారతదేశం ప్రపంచానికి మాట ఇచ్చింది. అందులో 229 కోట్ల టన్నులు ఇప్పటికే సాధించామని 2023 అటవీ స్థితి నివేదిక చెప్పింది. ఆ లెక్కలో చెట్లు కనబడతాయి. కర్ర పట్టుకుని కాపలా కాసినవాళ్లు కనబడరు.

ఇక్కడ నాబోతును గుర్తుచేసుకుందాం. రాజుల మొదటి గ్రంథం 21వ అధ్యాయం మీకు తెలుసు. అహాబు రాజు నాబోతుకు రెండు బేరాలు పెట్టాడు. నీ తోట నాకిస్తే ఇంకొక చోట దీనికంటే మంచి తోట ఇస్తాను, లేదా వెల కట్టి డబ్బిస్తాను అన్నాడు. మన అటవీ విధానంలో ఈ రెండు బేరాలూ ఉన్నాయి. గనికో ఆనకట్టకో అడవి పోతే ఇంకొక చోట మొక్కలు నాటాలి. అదీ కాక నికర ప్రస్తుత విలువ పేరుతో హెక్టారుకు వెల కట్టాలి. 2022లో సవరించిన ఆ వెల సుమారు 9.57 లక్షల నుంచి 15.95 లక్షల రూపాయల వరకు ఉంది. అలా పోగైన డబ్బులో 47,436 కోట్లను కేంద్రం 2019 ఆగస్టులో రాష్ట్రాలకు పంచింది. దాదాపు 5,934 కోట్లతో ఒడిశాదే పెద్ద వాటా. ఆ సొమ్ము అటవీ శాఖ నిధికి వెళ్లింది, అడవి కోల్పోయిన ఇంటికి కాదు. పైగా మొక్కలు నాటడానికి 'పాడైన అడవి' అని రాసుకున్న చోటు చాలాసార్లు ఊరివాళ్ల పశువుల బీడే, చీపురుపుల్లలు ఏరుకునే చోటే. అహాబు కనీసం నాబోతు ఎదుట నిలబడి అడిగాడు.

ఇప్పుడు మూడో బేరం వచ్చింది. తోట నీ దగ్గరే ఉంచుకో, దాని ఊపిరి మాత్రం ముప్పై ఏళ్లకు నాకు రాసివ్వు అంటున్నారు. ఈ బేరం పాపమని మేము అనడం లేదు. మేఘాలయలోని ఖాసీ కొండల్లో, మావ్‌ఫ్లాంగ్ ప్రాంతంలో సుమారు 27,000 హెక్టార్లలో 2011 నుంచి ఒక కార్బన్ పథకం నడిచింది. ఊళ్లే సమాఖ్యగా ఏర్పడి నిప్పు రాకుండా గీతలు కొట్టుకున్నాయి, సహజంగా మొలిచిన మొక్కలను కాపాడుకున్నాయి. క్రెడిట్ల డబ్బు ఊళ్ల పనులకు చేరింది. అక్కడ అది ఎందుకు సాధ్యమైంది? అడవిలో ఎక్కువ భాగం ఊళ్లదీ వంశాలదీ కాబట్టి. హక్కు ముందు వచ్చింది, డబ్బు తరువాత వచ్చింది.

మన ప్రాంతాల్లో ఆ హక్కుకు దారి 2006 అటవీ హక్కుల చట్టం. అందులో కార్బన్ అనే మాట లేదు. కానీ సామూహిక అటవీ వనరును కాపాడుకునే, పెంచుకునే, నిర్వహించుకునే హక్కు ఉంది. సిరోంచలో మన తెలుగువారున్న గడ్చిరోలి జిల్లాలోనే మెంఢా లేఖా గ్రామం ఉంది. 2009లో సుమారు 1,800 హెక్టార్లపై ఆ హక్కు పొంది, 2011 నుంచి తన వెదురును తానే అమ్ముకుంది. మన నియమగిరిలో 2013లో సుప్రీంకోర్టు నిర్ణయం గ్రామసభలకు వదిలితే, పన్నెండు గ్రామసభలూ బాక్సైట్ గనికి వద్దని చెప్పాయి. 'సరే' అనడానికి విలువ ఉండాలంటే 'వద్దు' అనే హక్కు కూడా ఉండాలి.

మన సంగతి కూడా ఒప్పుకుందాం. మనలో కొందరి కుటుంబాలు ఈ కొండల కింద దుకాణాలు పెట్టి, చింతపండు, అడ్డాకులు తక్కువ ధరకు కొని బతికాయి. తూకంలో జరిగిన అన్యాయానికి మనమూ జవాబుదారులమే. అదే సమయంలో అడవి అంచున బతికే దళిత క్రైస్తవులు మన సంఘాల్లోనే ఉన్నారు. ఈ చట్టం వారికి కూడా వర్తిస్తుంది, కానీ మూడు తరాలు, అంటే 75 ఏళ్లు, అడవి మీద ఆధారపడి అక్కడే ఉన్నామని చూపాలి. ఆ రుజువులు సేకరించడం చదువుకున్న మీ పని.

యౌవనులారా, అలాంటి కాగితం మీ చేతికి వస్తే ఈ ప్రశ్నలు అడగండి. ఈ ఊరికి హక్కుపత్రం ఉందా? అమ్మిన ధరలో ఊరికి ఎంత, ఏ ఏడాది వస్తుంది? కట్టెలు, మేత, ఇప్పపువ్వులో ఏవి ఆపాలి? మంట వచ్చి అడవి కాలితే నష్టం ఎవరిది? కొనేవాళ్లు తమ పొగను తగ్గిస్తున్నారా, లేక మన చెట్టు చాటున దాచుకుంటున్నారా? ఊరి భాషలో చదివి వినిపించకుండా ఎవరినీ వేలిముద్ర వేయనివ్వకండి. హక్కుల తీర్మానానికి గ్రామసభలో సగం మంది ఉండాలి, వచ్చినవారిలో మూడో వంతు స్త్రీలుండాలి. యెజెబెలు రాజు ముద్ర వేసిన తాకీదులతో, అబద్ధ సాక్షులతో పని కానిచ్చింది. కాగితం ఎంత ప్రమాదమో నాబోతు కథ చదివినవారికి వేరే చెప్పనక్కర్లేదు.

ఆ పెద్దాయనతో మేము చివరకు చెప్పింది ఇదే: "అయ్యా, ఇప్పుడే సంతకం పెట్టకండి. ముందు ఫారం సి నింపుదాం." సామూహిక అటవీ వనరు కోసం వేసే దరఖాస్తు అది. ఊరి సరిహద్దు గీయడానికి వచ్చే నెల మళ్లీ వెళ్తున్నాం. ఒడియా చదవగలిగినవారు, ఫోనులో మ్యాపు గీయగలిగినవారు నలుగురు కావాలి. కూటం అయ్యాక మీ పేర్లు ఇవ్వండి.