డాకర్ రిజిస్టరు

ఇవాళ మీరు డాక్టర్లుగా పట్టాలు అందుకున్నారు, వెనక వరుసల్లో మీ అమ్మానాన్నలు ఫోన్లెత్తి ఫోటోలు తీస్తున్నారు. ఇంత మంచిరోజున సుఖవ్యాధుల మాటేమిటని పెద్దలు నొచ్చుకోవచ్చు. ఆ నొచ్చుకోవడం గురించే, సెనెగల్ దేశాన్ని ఉదాహరణగా పెట్టుకుని చెప్పాలని వచ్చాను.

సెనెగల్‌లో నూటికి తొంభై మందికి పైగా ముస్లింలు. అయినా 1969 నుంచి అక్కడ సెక్స్ వర్కర్లు పేరు నమోదు చేయించుకుని, ఆరోగ్య పుస్తకం దగ్గరుంచుకుని, క్రమం తప్పకుండా పరీక్షలకు రావాలి. దయతో పెట్టిన నిబంధనేమీ కాదు, పోలీసు బుద్ధి అందులో బాగానే ఉంది. కానీ సిఫిలిస్‌కూ గనేరియాకూ మందిచ్చే చోటంటూ ఏర్పడింది. పుండు మానితే హెచ్‌ఐవీకి దారి ఇరుకవుతుంది. 1985లో అక్కడి శాస్త్రవేత్త సులేమాన్ ఎంబూప్ బృందానికి మరో రకం వైరస్ ఆనవాలు దొరికింది ఈ మహిళల రక్తంలోనే. దాన్నే తర్వాత హెచ్‌ఐవీ-2 అన్నారు. మరుసటి ఏడాదికే జాతీయ ఎయిడ్స్ కార్యక్రమం మొదలైంది.

కండోమ్ ప్రచారాన్ని మొదట్లో మతపెద్దలు వ్యతిరేకించారు. డాక్టర్లు వాళ్లతో తగువుకు దిగలేదు, కూర్చుని మాట్లాడారు. ఇమాములు మసీదుల్లో ఎయిడ్స్ గురించి చెప్పారు, కండోమ్ పని వైద్యులు చూసుకున్నారు. పెద్దవాళ్లలో హెచ్‌ఐవీ ఒక శాతం దగ్గరే ఆగింది. ఘనతంతా క్లినిక్కులదే అనను. అక్కడ దాదాపు మగవాళ్లందరికీ సున్తీ ఉంటుంది, దానివల్లా కొంత రక్షణ.

రిజిస్టరుకు ఎక్కనివాళ్ల మాటేమిటి? ఇరవై ఒకటి నిండని పిల్లకు అందులో చోటు లేదు. ఇంట్లో తెలుస్తుందని భయపడి పేరివ్వని ఆడవాళ్లు ఎందరో. ఇక స్వలింగ సంబంధం నేరమైన దేశంలో మగవాళ్ల గతి చూడండి. 2008 డిసెంబరులో రాజధాని డాకర్ శివార్లలో తొమ్మిది మందిని పట్టుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది ఎయిడ్స్ నివారణ పనిచేసేవాళ్లు. దొరికిన కండోములే సాక్ష్యం, ఎనిమిదేళ్ల జైలు. 2009 ఏప్రిల్‌లో అప్పీలు కోర్టు ఆ శిక్ష కొట్టేసింది. ఈలోగా జరగాల్సింది జరిగిపోయింది: రోగులు క్లినిక్కుల వైపు రావడం మానుకున్నారు, ఆరోగ్య కార్యకర్తలు దాక్కున్నారు. ఇరవై ఏళ్లు కష్టపడి కూడగట్టిన నమ్మకం కూలడానికి ఒక్క అరెస్టు చాలింది.

ఆ భయం ఇక్కడా ఉంది. రేపు మీ ఓపీకి ఒక కుర్రాడొస్తాడు. ముందు జ్వరమంటాడు, ఆనక ఒంట్లో నలతంటాడు. పక్కనే వాళ్ల మావయ్య. ఆయన్ని మర్యాదగా బయట కూర్చోమనండి. తలుపేశాక అసలు సంగతి అడగండి.