బ్యాండువారికి కుర్చీలు



మన ఆదోని, ఎమ్మిగనూరు వీధులలో బ్యాండు మేళము ఎరుగనివారు లేరు. పెండ్లి మెరవణి ముందు నడచు ఆ మనుష్యులను మనము చూచెదము గాని, వారి వాద్యమును వినము. మన ఎండలకు ఇత్తడి వాద్యముల శ్రుతి పైకి పోవును, రాత్రి చల్లబడగానే దిగును. నడుచుచు, ఊదుచు, దానిని సరిచేసికొనుట సామాన్యమైన విద్యయా? అయినను వారికి అందరి తరువాత అన్నము పెట్టు ఇండ్లు మనలోను ఉన్నవి. ఇది నాకు బొత్తిగా నచ్చదు.

ఇంగ్లండులోను బ్యాండు చాలకాలము కవాతులకు, వీధులకే పరిమితము. సభలో వాయించినను, ఎక్కువగా ఇతర వాద్యములకు వ్రాసిన సంగీతమునే మార్చి వాయించెడివారు. 1909లో గుస్తావ్ హోల్స్ట్ బ్యాండు కొరకే ఒక సూట్ వ్రాసెను. ఆయన కొన్నేండ్లు ట్రాంబోను ఊది జీవించినవాడు గనుక ఊదువారి కష్టమెరుగును. ఎనిమిది బార్ల చిన్న వరుసను ట్యూబా, యూఫోనియములు మొదలుపెట్టును. అదే వరుస వాద్యము నుండి వాద్యమునకు మారుచు పెరుగును. మన మేళములో వెనుక వరుసనుండి వంత పలుకు ఆ పెద్ద వాద్యములే అక్కడ ముందు పలికినవి!

మన దేశములో నాదస్వరమునకు ఈ మర్యాద దక్కినది. ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా కూర్చుండి వాయింపగా సభలు విన్నవి. 1977లో పద్మశ్రీ వచ్చెను.

రాబోవు పెండ్లిలో, మెరవణికి ముందు అరగంట, గుడి ఆవరణములో బ్యాండువారికి కుర్చీలు వేయుడి. వారికి నచ్చినదే వాయింపనీయుడి. యూఫోనియము వాయించువారిని ముందు వరుసలో కూర్చుండబెట్టుడి.