పసివారి నేరమేమి?

(వనపర్తి గ్రంథాలయమున చేసిన ఉపన్యాస పాఠము)



గద్వాల, వనపర్తి, నాగరకర్నూలు సీమలవారికి వలస యననేమో వేఱొకరు బోధింప నక్కఱలేదు. కృష్ణా తుంగభద్రలు మన పొలిమేరలనే పాఱుచుండగా, పాలమూరు కూలీలు గుంపుమేస్త్రీ యిచ్చిన ముందుసొమ్మునకు కట్టుబడి, దేశములోని యానకట్టలకును కాలువలకును మన్నెత్తబోయిరి. వారి వెంట పసిబిడ్డలును పోయిరి. అట్టి బిడ్డ తిరిగివచ్చినపుడు, బడి మానిన నేరము నీదే యని శిక్షించు పంతులు మనలో నుండునా? వానిని గొనిపోయినది తల్లిదండ్రుల యక్కఱ. వాని యిచ్ఛ కాదు. ఈ యొక్క సంగతిని మనసున నుంచుకొని నేడు అమెరికా దేశపు వివాద మొకదానిని విచారింతము.

ఆ దేశమున పసితనముననే పెద్దల వెంట వచ్చి, అనుమతి పత్రములు లేకయే పెరిగినవారు లక్షల సంఖ్యలో నున్నారు. అట్టి పిల్లలకు బడి తలుపు మూయరాదని అచ్చటి సుప్రీం కోర్టు టెక్సస్ రాష్ట్రపు వ్యాజ్యములో 1982 జూన్ 15న తీర్పు చెప్పినది. బడి తెఱచిరి గాని, చదువు ముగిసిన పిమ్మట పని దొరకు దారి చూపరైరి. వారికి స్థిరనివాస మొసగదలచిన ‘డ్రీమ్’ బిల్లు 2001లో మొదట వచ్చినది. 2010 డిసెంబరులో అది ప్రతినిధుల సభను దాటియు, సెనేటులో 60 వోట్లు కావలసియుండ 55 మాత్రమే పడి నిలిచిపోయినది.

అంతట అధ్యక్షుడు ఒబామా, ఆ తీర్పునకు సరిగా 30 ఏండ్లు నిండిన దినమున, అనగా 2012 జూన్ 15న, ఒక సడలింపును ప్రకటించెను. 16 ఏండ్లు నిండకమునుపే వచ్చి, కనీసము 5 ఏండ్లుగా ఎడతెగక నివసించుచు, 31 ఏండ్లలోపువారై, చదువుచున్నవారును, చదువు ముగించినవారును, సైన్యమున సేవచేసి గౌరవముగ వెడలినవారును, ఘోరాపరాధము లేనియెడల దరఖాస్తు పెట్టుకొనవచ్చును. అంగీకరించినచో రెండేండ్లు వారిని దేశమునుండి వెడలగొట్టరు; పనిచేయ సెలవిత్తురు; గడువు తీరిన మరల కోరుకొనవలయును. దీనినే ‘డాకా’ యందురు. ఇది పౌరసత్వము కాదు, స్థిరనివాసమును కాదు. కత్తిని పాఱవేయలేదు, ఒరలో నుంచిరి, అంతియే.

ఇంతమాత్రమునకే ఆ దేశము రెండుగా చీలినది. శాసనసభ త్రోసివేసినదానిని అధ్యక్షుడు ఆజ్ఞాపత్రముతో సాధించుట రాజ్యాంగమునకు చేటని రిపబ్లికనులు వాదించిరి. అది ఎన్నికల సంవత్సరము గనుక వోట్లకొఱకైన యెత్తుగడ యనిరి. ఎదుటి యభ్యర్థి రామ్నీ, ఈ తాత్కాలికపు చర్య శాశ్వతపరిష్కారమును మఱింత కష్టము చేయుననెను. దరఖాస్తులు స్వీకరింప మొదలిడిన ఆగస్టు 15ననే అరిజోనా గవర్నరు బ్రూవరు, వీరికి వాహనము నడుపు లైసెన్సు లీయరాదని యుత్తరువు చేసెను. ఆ చట్టమును నడపు అధికారులలో కొందఱు తమ ప్రభుత్వముపైననే వ్యాజ్యము వేసిరి. వలసదారుల పక్షమువారు సంతోషించియు, ఒకచేత ఏటికి 4 లక్షలమందిని పంపివేయుచు వేఱొకచేత రెండేండ్ల సెలవిచ్చుట ఏపాటి న్యాయమని ప్రశ్నించిరి.

తరువాతి కథ కోర్టులలో నడచినది. 2017 సెప్టెంబరులో ట్రంపు ప్రభుత్వము దీనిని రద్దుచేయ బూనగా, 2020 జూన్ 18న సుప్రీం కోర్టు 5-4 వోట్లతో ఆ రద్దు విధానము చెల్లదనెను. అయితే రద్దునకు చూపిన కారణములు చాలవన్నదే గాని, సడలింపు ధర్మసమ్మతమని ఆ కోర్టు చెప్పలేదు. 2021 జూలైలో టెక్సస్‌లోని ఫెడరల్ న్యాయాధిపతి ఇది చట్టవిరుద్ధమని తీర్పుచెప్ప, క్రొత్తవారికి మంజూరు నిలిచిపోయినది. ఈ సడలింపు నొకప్పుడో యొకప్పుడో పొందినవారు 8 లక్షలకు పైబడిరి. వారిలో పెక్కురు నేడు బిడ్డల తల్లిదండ్రులు. రెండేండ్ల గడువులతో వారి యౌవనమెల్ల గడచిపోయినది.

ఎదుటివారి వాదమును మేము తేలికగ త్రోసివేయము. స్థానికుల భయము మనకు తెలియనిది కాదు. ముల్కీ నిబంధనలకొఱకు 1952లో హైదరాబాదు వీధులలో నెత్తురు చిందినది; 1969లో మరల ఆ ప్రశ్నయే లేచినది. ఉన్న ఉద్యోగములు మన బిడ్డలకు దక్కవలయునని కోరుట ద్వేషము కాదు. చట్టమును శాసనసభయే చేయవలయునన్న మాటయు నిజమే. కాని శాసనసభ ఏండ్లతరబడి చేయక కూర్చుండినపుడు, దాని సోమరితనమునకు వెల యిచ్చుకొనవలసినది మూడేండ్ల ప్రాయమున సరిహద్దు దాటిన శిశువా? తెలిసి దాటిన పెద్దల సంగతి వేఱుగ విచారింపుడు. ఇచ్ఛ లేనిచోట నేరము లేదనుట ఏ ధర్మశాస్త్రమునకైన మొదటిమాట.

ఇందులో మన తెలుగువారి గోడు వేఱొకటి కలదు. మన ఇంజనీర్లు హెచ్-1బి అనుమతిపై సకలపత్రములతో భార్యాబిడ్డల గొనిపోయిరి. ఏ యొక్క దేశమువారికిని ఏటి గ్రీన్ కార్డులలో నూటికి 7కు మించరాదన్న నియమముచేత, మనవారి వంతు రాక దశాబ్దములు గడచుచున్నవి. ఇంతలో బిడ్డకు 21 ఏండ్లు నిండును. ఆనాటితో తండ్రి పత్రము నీడ తొలగిపోవును. ఆ పిల్ల విద్యార్థి యనుమతియో మఱొకటియో సంపాదించుకొనవలయును. లేదా తనకు ఊహ తెలిసిన దేశమును విడువవలయును. డాకా పొందుద మన్నచో, 2012 జూన్ 15 నాటికి చట్టబద్ధమైన స్థితి లేనివారికే యది వర్తించునట! పత్రము లేనివానికి దొరకిన యాపాటి నీడయు, పత్రములతో వచ్చినదానికి దొరకలేదు. ఈ బిడ్డలనుగూడ చేర్చిన బిల్లు 2021 మార్చిలో ప్రతినిధుల సభను దాటియు చట్టము కాలేదు.

దీనిని జూచి మనవారు కొందఱు, పత్రములు లేనివారికి మేలుచేసి మమ్ము విడిచిరని, ఆ పేదలపై కినుక బూనుచున్నారు. ఇది పొరపాటు. పరుల కిచ్చిన గంజి లాగికొన్నంత మాత్రమున మన యాకలి తీఱదు. పైగా మన చరిత్రమును మఱువరాదు. దక్షిణాఫ్రికాలోని నాటాలులో తెలుగు, తమిళ కూలీలపై 3 పౌనుల తలపన్ను విధించిరి. పిమ్మట 16 ఏండ్ల బాలురకును 13 ఏండ్ల బాలికలకును దానిని విస్తరింపజేసిరి. గాంధీగారి సత్యాగ్రహము ఫలించి 1914లో గాని యది తొలగలేదు. అమెరికాలోను, భగత్ సింగ్ థిండ్ వ్యాజ్యమున 1923లో భారతీయులు పౌరసత్వమునకు తగరనిరి. 1946లో తలుపు తెఱచియు ఏటికి 100 మందికే వలసయనుమతి యిచ్చిరి. ఒకనాడు చట్టము మనలనే వెలివారిని చేసినది. ఆ మాట మఱచినవాడు నేడు చట్టము పేరుచెప్పి వేఱొకని బిడ్డను నిందించును.

మఱి మన యింటి మాట? 2003 నాటి పౌరసత్వ సవరణచట్టము 2004 డిసెంబరు 3 నుండి అమలునకు వచ్చినది. ఆ దినము మొదలు ఈ దేశమున పుట్టిన బిడ్డయైనను, తల్లిదండ్రులలో నొకరు అక్రమముగ వచ్చినవారైనచో, జన్మముచేత పౌరుడు కాడు. రక్షణకొఱకు ఇట్టి కట్టుబాటు అవసరమనువారు కలరు, వాదింపవచ్చును. కాని అమెరికాను కరుణ యడుగుచు మన గడపలో నాప్రశ్నను వినకుండుట మనకు తగదు. వలసపోయిన కూలీల బిడ్డలను స్వగ్రామముననే నిలిపి చదివించు వసతిగృహములను మన తాలూకాలలో చక్కగ నడపుట అంతకంటె దగ్గఱి పని; దానికి వాషింగ్టను సెలవు అక్కఱలేదు.

కావున మా యభిప్రాయ మిది. హద్దులను కాచుకొను హక్కు ప్రతిజాతికిని కలదు. వయస్సు వచ్చినవారు తమ చేతలకు జవాబు చెప్పుకొందురుగాక. పసివారిని మాత్రము, పత్రములున్నవారు లేనివారను భేదము లేక, పెరిగిన నేలకు చెందినవారినిగ చట్టముచేతనే స్థిరపఱుపవలయును. రెండేండ్ల దయతో కాదు. ఈ మాటను అచ్చటి తెలుగు సంఘములు తమ బిడ్డలకొఱకు మాత్రమే గాక అందఱి బిడ్డలకొఱకు పలుకవలయును. అప్పుడే యది యాచన గాక న్యాయమగును.