దిగిన చోటు నుంచి ఎక్కే చోటు దాకా



రవాణా ప్రణాళిక పనిలో చాలా ఏళ్లు గడిపినవాణ్ణి కనుక ఆ విషయమే మాట్లాడమన్నారు. ఒక్క మాటలో చెబుతాను: ప్రయాణంలో మనిషి ఎక్కువగా అలసిపోయేది బండిలో కాదు, బండి మారే చోట.

హైదరాబాదునే చూడండి. సిటీ బస్సులు ఎప్పటినుంచో ఉన్నాయి. 2003లో ఎంఎంటీఎస్ రైళ్లు, 2017లో మెట్రో వచ్చాయి. ఇవి కలిస్తే ఎంత సుఖమో మనవాళ్లకు తెలుసు. నల్లగొండ బస్సు దిగి ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కితే, అమీర్‌పేటలో స్టేషన్ బయటికి రాకుండానే, అదే టికెట్టుతో హైటెక్ సిటీ వైపు మారిపోవచ్చు.

అన్నిచోట్లా అలా జరగాలంటే మూడు కుదరాలి: నడక, వేళ, టికెట్టు. 10 నిమిషాలకో బస్సుంటే సగటున 5 నిమిషాలు ఎదురుచూస్తాం. 40 నిమిషాలకో రైలైతే 20 నిమిషాలు. ఎంఎంటీఎస్ నడిచేది దూరప్రాంత రైళ్లు నడిచే పట్టాల మీదే కనుక వాటిని తరచుగా వేయడం కష్టం. అలాంటప్పుడు స్టేషన్‌కు వచ్చే బస్సు వేళనైనా రైలు వేళకు జతచేయాలి. కానీ రైలు ఒకరిది, బస్సు మరొకరిది, మధ్యనున్న ఫుట్‌పాత్ ఇంకొకరిది. అందుకే 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం, పది లక్షల జనాభా దాటిన నగరాల్లో వీటన్నిటినీ కలిపి చూసే ఒకే సంస్థ ఉండాలంది.

ఈ అతుకు సరిగా లేకపోతే నష్టపోయేది ఎవరు? వయసులో ఉన్న కుర్రాడు బైకు కొనుక్కుంటాడు. మోకాళ్ల నొప్పులున్న పెద్దమ్మ, చంకలో బిడ్డ ఉన్న తల్లి ఏం చేస్తారు? 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం. అయినా దిగిన చోట ఆటోకు డబ్బు పెట్టాల్సి వస్తే ఆ మిగులు అక్కడే కరిగిపోతుంది.

చివరగా ఒక మనవి. స్వర్ణోత్సవ గుర్తుగా బడికి ఏదైనా చేయాలనుకుంటున్నాం. ముందు బస్టాపు నుంచి బడి గేటు దాకా అందరం ఒకసారి నడిచి చూద్దాం. నీడ ఎక్కడ లేదో, దీపం ఎక్కడ వెలగదో, పిల్లలు రోడ్డు దాటడానికి ఎక్కడ భయపడుతున్నారో రాసుకుని మునిసిపాలిటీకి ఇద్దాం. చేయగలిగింది మనమే చేద్దాం. ఆ కాస్త దూరం బాగుంటే, వాన పడిందనో చీకటి పడిందనో ఏ ఆడపిల్లా బడి మానదు.